అప్‌డేట్: మా ఆయన లాంగ్ టర్మ్ కేర్ పాలసీ సంగతి

న్యూజెర్సీలో ఉంటున్నాం, 58 ఏళ్ల మా ఆయనకి షుగర్ ఉంది, లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్ (రోజువారీ పనులకి చాలాకాలం ఇంకొకరి సాయం కావాల్సొస్తే ఆ ఖర్చు ఇచ్చే పాలసీ) ఇస్తారా అని అడిగాను కదా, ఇచ్చారండీ. కాకపోతే ప్రీమియం తక్కువుండే క్లాసులో కాదు, స్టాండర్డ్‌లో. డాక్టర్ దగ్గర రికార్డులు, ఫార్మసీ నుంచి మందుల వివరాలు తెప్పించుకున్నారు, ఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ఎంత ఉంటోంది, ఇన్సులిన్ వాడుతున్నారా, కాళ్లలో తిమ్మిర్లున్నాయా అన్నదే పట్టి పట్టి చూశారు. ఫోన్ ఇంటర్వ్యూలో కొన్ని పదాలు చెప్పి, మధ్యలో వేరే ప్రశ్నలేసి, మళ్లీ ఆ పదాలన్నీ చెప్పమన్నారు, నాకు అసలు టెన్షన్ అక్కడే. స్నానం, బట్టలు, తిండి, టాయిలెట్, మంచం దిగడం, మలమూత్రాల అదుపు, వీటిలో దేనికైనా ఇప్పటికే ఇంకొకరి సాయం అవసరమవుతుంటే మాత్రం పాలసీ రావడం దాదాపు అసాధ్యం. మోకాలి ఆపరేషన్ లాంటిది డాక్టర్ చెప్పి ఉంటే, అది అయ్యి బాగా కోలుకున్నాకే అప్లై చేయండి.