అప్‌డేట్: నాన్నా కూతుళ్ల తోలుబొమ్మలాట, రెండోసారి జనం ఎలా చూశారంటే

మొదట అడిగింది ఇదీ: కమ్యూనిటీ హాల్లో మా అమ్మాయీ నేనూ కలిసి ఆడితే చప్పట్లు దండిగా వచ్చాయి, కథ మాత్రం ఎవరికీ ఎక్కలేదు, ఎందుకని? మీరు చెప్పినవి పెట్టి మళ్ళీ ఆడాం.

అసలు కిటుకు పాపని ముందే పరిచయం చేయకపోవడం. పేరు చెప్పి స్టేజీ ఎక్కిస్తే జనం పాపని ముద్దు చేస్తారు గానీ బొమ్మని చూడరు. ఈసారి ఆట అయ్యాకే తెర వెనక నుంచి బయటికొచ్చాం. నవ్వించే బొమ్మ కేతిగాడి గొంతు ఎవరిదో తెలియకుండానే నవ్వారు, ఆ నవ్వే లెక్క.

పద్యాలు, రావణుడు నావి. కేతిగాడు, అతని హాస్య జోడీ బంగారక్క పాపవి. హాస్యంలో మాట తడబడినా చెల్లిపోతుంది. నవ్వు తగ్గేదాకా తర్వాతి మాట ఎత్తకూడదు. పిల్లలు ఆగరు కాబట్టి మోకాలితో తట్టడమే సైగ.

ట్యూబ్‌లైట్ తీసేసి ఒకటే పసుపు బల్బు, తెరకి మూడడుగుల వెనక, మా తలలకన్నా ఎత్తులో పెట్టాం. పొడుగు లైటుకి నీడ అంచు మసకబారుతుంది. మేకతోలు బొమ్మని తెరకి ఆనించే పట్టాలి. కాస్త వెనక్కి జరిగినా రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పెద్ద బొమ్మ పట్టుకుంటే చిన్న చెయ్యి త్వరగా వాలిపోతుంది, రావణుణ్ణి తనకి ఇవ్వనిది అందుకే.

ఇంకొక్క చిక్కు: బుడతలు మధ్యలోనే తెర వెనక్కి దూరుతున్నారు. అడ్డంగా తాడు కట్టాలా, ఆట అయ్యాక బొమ్మలు పట్టుకోనిస్తామని ముందే చెప్పాలా?