పిల్లలూ పెద్దలూ కలిసి చదవదగ్గ స్టీమ్‌పంక్ నవలలు చెప్తారా?

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రాత్రిళ్లు ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లం వింటాం. ఈమధ్య స్టీమ్‌పంక్ మీద పడ్డాం, అంటే ఆవిరి యంత్రాల కాలాన్ని ఊహతో మార్చి రాసే కథలు. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ రాసిన ‘లెవియాథన్’ (2009) మా ఏడో తరగతి అమ్మాయికి తెగ నచ్చేసింది. 1914 నాటి యుద్ధంలో ఒక పక్షానికి కాళ్లతో నడిచే ఇనుప యంత్రాలు, ఇంకో పక్షానికి ప్రాణమున్న జీవులే ఓడలు. ఆ ఎగిరే తిమింగలం బొమ్మ పేజీ దగ్గరే చాలాసేపు ఆగిపోయింది.

నాకేమో గిబ్సన్, స్టెర్లింగ్ కలిసి రాసిన ‘ది డిఫరెన్స్ ఇంజన్’ (1990) ఇష్టం. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు గణితవేత్త బాబేజ్ ఊహించిన లెక్కల యంత్రం నిజంగా పనిచేసి ఉంటే విక్టోరియా కాలపు లండన్ ఎలా మారిపోయేదో చూపిస్తుంది. కానీ అది పిల్లలకు కొరుకుడు పడదు.

ఈ రెండింటికీ మధ్యలో ఏమున్నాయి? పళ్లచక్రాలు, కళ్లద్దాలు అలంకారంగా ఉంటే చాలదు నాకు. ఆ బొగ్గు ఎవరు తవ్వుతున్నారు, బాయిలర్ దగ్గర ఎవరు మాడిపోతున్నారు అన్నది కూడా కథలో కనిపించాలి. హింస మరీ ఎక్కువ వద్దు. అధ్యాయాలు చిన్నవైతే మరీ మంచిది, మా అత్తయ్యగారు తొందరగా నిద్రపోతారు. ముందు కథల సంకలనంతో మొదలుపెట్టమంటారా, నేరుగా నవలకే వెళ్లమంటారా? మీ పిల్లలతో చదివినవి ఉంటే, ఏ వయసువాళ్లు విన్నారో కూడా రాయండి.