31 టైర్లు వేశాక జీపు లాగట్లా: క్రౌన్ పినియన్ మార్చాలా, ఇరుసులు కూడా మార్చాలా?

గుంటకట్ట_జీపు:
అన్నలకు నమస్కారం. బండి పాత మహీంద్రా ఎంఎం 540 జీపు, డీఐ (డీజిల్) ఇంజిను, నాలుగు గేర్ల బాక్సు. ముందూ వెనకా కమాన్ పట్టీలే. అల్లూరు, ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటలకు రోజూ ఇదే బండి. హైవే మీద ఒక 60 కిలోమీటర్లు, కట్టల మీద, ఇసకలో ఇంకో 15. వెనక 25 కిలోల మేత బస్తాలు పదిహేను, ఇరవై దాకా ఉంటాయి.
ఆరు నెలల కింద 6.00-16 టైర్లు తీసి 31×10.5 ఆర్15 (31 అంగుళాల ఎత్తువి) వేసినాం. అప్పటినుంచి నాలుగో గేరులో మీటరు 50 చూపిస్తున్నా బండి గుంజదు, మూడుకు దిగాల్సి వస్తుంది. లోడుతో కట్ట ఎక్కేటప్పుడు క్లచ్ వాసన. మైలేజీ 9కి పడింది. ఇంకోటి, ఫోర్ వీల్ వేస్తే ఇసకలో కూడా స్టీరింగ్ బిగదీసుకుంటుంది, లివర్ మళ్ళా వెనక్కి రావాలంటే రివర్స్ చేసి గుంజాలి.
మెకానిక్ ముందూ వెనకా క్రౌన్ పినియన్లు (ఇరుసు మధ్యలో షాఫ్టు తిప్పుడును చక్రాలకు మళ్ళించే పళ్ళ చక్రాల జతలు), యాక్సిల్ షాఫ్టులు మొత్తం మార్చమంటున్నాడు. అంత అవసరమా? వాన్లు మొదలయ్యేలోపు పని అయిపోవాల.

పినియన్_ఒంగోలు:
తమ్ముడూ, ఏదీ కొనొద్దు ఇప్పుడే. టైరు పెద్దదైతే లాగదు, అది మామూలే. ఇసకలో కూడా స్టీరింగ్ బిగదీసుకోవడం మాత్రం మామూలు కాదు. మొదట రెండు ఇరుసులకూ రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగాలంటే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో, లెక్కపెట్టు. ఈ జీపులు ఎన్ని చేతులు మారాయో, హౌసింగులు (క్రౌన్ పినియన్ ఉండే ఇరుసు గుల్లలు) ఎన్నిసార్లు మారాయో ఎవరికీ తెలీదు, పుస్తకంలో అంకె నమ్మొద్దు.
చదునైన చోట ఆపి, నేల మీద ఉండే చక్రాలకు రెండు పక్కలా దిమ్మెలు పెట్టు. గేరు న్యూట్రల్, ఫోర్ వీల్ లివర్ టూ వీల్‌లో. హ్యాండ్ బ్రేక్ ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిను వైపు నుంచి ఇరుసుకు పోయే కడ్డీ) మీద ఉండే రకమైతే అది వదిలెయ్యాలి, లేకపోతే షాఫ్ట్ తిరగదు. దిమ్మెలు గట్టిగా పెట్టమన్నది అందుకే. ఇప్పుడు వెనక ఒక చక్రం మాత్రమే జాకీతో లేపు, రెండోది నేల మీదే ఉండాల. షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత గియ్యి. లేపిన చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పు, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఒకరు కింద కూర్చొని లెక్కపెట్టాల. ఒక చక్రం ఆగి ఉంటే రెండోది రెండు చుట్లు తిరిగితేగాని క్రౌన్ ఒక చుట్టు తిరగదు. కాబట్టి 20 చుట్లంటే క్రౌన్‌కు 10. వచ్చిన అంకెను పదితో భాగిస్తే రేషియో. ముందు కూడా అంతే, హబ్ లాకులు (ముందు చక్రాలను ఇరుసు షాఫ్టుకు కలిపి విడదీసేవి) ఉంటే లాక్‌లో పెట్టి చెయ్యి. రెండు అంకెలూ ఇక్కడ పెట్టు.

గుంటకట్ట_జీపు:
పొద్దున చేసినాం అన్నా. వెనక సరిగ్గా 41. ముందు 49కి కొంచెం తక్కువ, రెండుసార్లు చూసినాం, అదే వచ్చింది.

పినియన్_ఒంగోలు:
దొరికింది. వెనక 41కి 10 పళ్ళు, అంటే 4.10. ముందు 39కి 8 పళ్ళు, అంటే 4.88. హైవే మైలేజీ కోసం ఎవరో వెనక ఒక్కటే మార్చి ముందుది వదిలేసినట్టుంది. ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. వెనక చక్రాలు 100 చుట్లు తిరిగేలోగా ముందువి 84 తిరుగుతాయి. వెనకవి నెట్టుతుంటే ముందువి బ్రేకు వేసినట్టు పట్టుకుంటాయి. స్టీరింగు, లివర్ రెండూ బిగుసుకునేది అందుకే. అది సరిచేసేదాకా ఫోర్ వీల్ ముట్టుకోవద్దు. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందూ వెనకా షాఫ్టులకు బలం పంచే పెట్టె) గేర్లు, ముందు క్రాస్ బేరింగులు పోతాయి.
ఇంకో సంగతి. మీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది, దాని గేరు 4.88కీ చిన్న టైరుకీ పెట్టినదే అయ్యుంటే, ఇప్పుడు మీటరు 60 అన్నప్పుడు నిజంగా నువ్వు పోయేది 76 దగ్గర. 50 అన్నప్పుడు 63. గుంజనిది అందుకే కొంత. మైలేజీ 9 అన్నది కూడా ఆ మీటరు లెక్కే అయితే అసలుది 11 దాటే ఉంటుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి ఒకసారి చూసుకో.

చీమకుర్తి_గ్రానైట్:
అట్టయితే ఖర్చు సగం తగ్గినట్టే కదా. ముందు 4.88 ఎలాగూ ఉంది, వెనక దానికి 4.88 సెట్టు ఒకటి వేస్తే చాలు. వెనకది డానా 44 రకం ఇరుసు అయితే లోపల క్రౌన్ బిగించే డిఫరెన్షియల్ కేసు కూడా మార్చక్కర్లేదు. దాంట్లో 3.73 దాకా ఒక కేసు, 3.92 నుంచి పైకి ఇంకో కేసు. 4.10, 4.88 రెండూ ఒకే కేసు మీద కూర్చుంటాయి.
కాకపోతే హైవే సంగతి ఆలోచించుకోవాల. 31 టైరు ఒక చుట్టుకు దాదాపు 2.4 మీటర్లు పోతుంది. నాలుగో గేరు నేరుగా ఒకటికి ఒకటి కాబట్టి నిజమైన 80 మీద 4.10కి ఇంజిను 2280 తిరిగితే, 4.88కి 2710 తిరుగుతుంది. ఆ పాత డీఐకి రోజూ గంటసేపు అది ఎక్కువ. 4.56 సెట్లు రెండు తెచ్చి ముందూ వెనకా వేస్తే 2530తో పోతుంది.

పినియన్_ఒంగోలు:
లెక్క కరెక్టే. కానీ ఈ బండికి నేను 4.88 వైపే ఉంటా. 500 కిలోల మేతతో జారుడు కట్ట ఎక్కాల్సింది రోజూ ఉంది. హైవే మీద 70కి ఉంచుకుంటే 2370, దాంతో ఇబ్బంది లేదు. 4.56 అంటే రెండు సెట్లు, రెండు హౌసింగులు విప్పడం, రెండుచోట్ల తప్పు జరిగే వీలు. హైవేనే ఎక్కువ అయితే 4.56 మాట వేరు.
యాక్సిల్ షాఫ్టులు మార్చొద్దు. 31 టైరు, ఈ ఇంజిను, లాకర్ (రెండు పక్కల చక్రాలనూ కలిపి తిప్పేది) లేని డిఫరెన్షియల్. ఒక చక్రం జారితే జారి వదిలేస్తుంది కానీ షాఫ్టును తెంపదు. లాకర్ వేసినప్పుడే గట్టి షాఫ్టుల మాట. కొంతమంది స్పైడర్ గేర్లకు (డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ళ చక్రాలకు) వెల్డింగ్ కొట్టించమని సలహా ఇస్తారు, రోజూ రోడ్డు మీద తిరిగే బండికి అది చేయించొద్దు. ప్రతి మలుపులో టైరు ఈడుస్తుంది, అప్పుడే షాఫ్టు తెగేది.
చూడాల్సింది హబ్బు దగ్గర. షాఫ్టు చివర కోసుగా ఉండి తాళంతో (గాడిలో దిగే ఇనుప ముక్కతో) కూర్చునే రకమైతే హబ్బు తీసి ఆ గాడి చూడు. గాడి అంచులు వెడల్పయి ఉంటే ఆ షాఫ్టు మార్చాల్సిందే. నట్టు వదులైతే తాళం తెగుతుంది, తెగితే ఇంజిను తిరుగుతుంది, బండి కదలదు. కొత్తగా బిగించాక 100 కిలోమీటర్లకు మళ్ళా టైట్ చెయ్యాల.

లేత్‌షాపు_ఆటోనగర్:
నెల్లూరు నుంచి. పని చేయించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాల్సినవి చెప్తా, మామూలుగా తప్పు జరిగేది ఇక్కడే.
క్రౌనూ పినియనూ జతగా కొను, రెండిటి మీదా సెట్టు నంబరు ఒకటే ఉండాల. దాంతో పినియన్ బేరింగులు రెండు, పక్క బేరింగులు రెండు, సీలు, పినియన్ నట్టు, షిమ్ముల (సందు సరిచేసే పల్చని రేకుల) కట్ట, క్రౌన్ బోల్టులు. పాత బేరింగే చాల్లే అంటే ఒప్పుకోవద్దు, ఉప్పునీళ్ళలో తిరిగిన బండి. రోలర్ల మీద గోరు పెట్టి గీస్తే గుంటలు తగులుతాయి.
బేరింగ్ క్యాపులు ఎడమా కుడీ కలవకుండా తీసేముందే సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టాల. పాత పినియన్ తల మీద, కొత్తదాని మీద +2, −1 లాంటి అంకె చెక్కి ఉంటుంది. అది అంగుళంలో వెయ్యో వంతు. పాతది +2, కొత్తది −1 అయితే లోపలి బేరింగు వెనక షిమ్ము అట్టాంటి వంతులు 3, అంటే 0.08 మిల్లీమీటర్లు పెంచాల. అక్కణ్ణుంచి మొదలుపెడితే ఒకటి రెండు సార్లలో కుదురుతుంది. బేరింగును మాటిమాటికీ ప్రెస్సు మీద తీసి వేస్తే పాడవుతుంది. పాత బేరింగు లోపలి రంధ్రాన్ని కాస్త రుద్ది చేత్తో జారేలా చేసుకొని, దాంతో కొలతలు కుదిర్చి, చివర కొత్తది నొక్కడం మేలు.
కొత్త బేరింగులతో పినియన్ ఒక్కటే తిప్పితే 2.3 నుంచి 4.5 న్యూటన్ మీటర్ల పట్టు ఉండాల. పినియన్ నట్టు 270 నుంచి 300, క్యాపులు 108 దగ్గర, క్రౌన్ బోల్టులు 75, ఎదురెదురుగా బిగిస్తూ రావాల. క్రౌన్ ప్లే (పళ్ళ మధ్య వదులు) డయల్ గేజితో 0.13 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య, నాలుగుచోట్ల కొలవాల. చేత్తో ఊపి "సరిపోయింది" అనేవాడి దగ్గర చేయించొద్దు.
తర్వాత పళ్ళకు ప్రష్యన్ బ్లూ (తాకిన చోట మచ్చ చూపే నీలి రంగు) పూసి, క్రౌన్‌ను గట్టిగా పట్టుకొని తిప్పి మచ్చ చూడాల. మచ్చ పంటి మొదట్లోకి దిగితే పినియన్ లోపలికెక్కువ పోయింది, షిమ్ము తగ్గించు. పంటి కొనకు ఎక్కితే షిమ్ము పెంచు. లోపలి చివరకు జరిగితే ప్లే తక్కువుంది, క్రౌన్‌ను పినియన్ నుంచి దూరం జరుపు. ఈ మచ్చ ఫోటో తీసి పంపమను, అది చూడకుండా కవరు మూయనీయొద్దు. యాక్సిలరేటర్ నొక్కితే కూత, వదిలితే ఆగడం, ఇలాంటివన్నీ ఈ మచ్చ కుదరకే.

గుంటకట్ట_జీపు:
అయితే వెనక 4.88 ఒక్కటే చేయిస్తా. గుంట గట్టు దగ్గర ఒక్కోసారి ఇరుసు మునిగేంత నీళ్ళలో దిగాల్సొస్తుంది. దానికేమన్నా?

లేత్‌షాపు_ఆటోనగర్:
హైవే మీద వేడెక్కిన హౌసింగు చల్ల నీళ్ళలో దిగితే లోపల గాలి ముడుచుకొని సీలు సందుల్లోంచి ఉప్పునీళ్ళను పీలుస్తుంది. పైన చిన్న బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) ఉంటుంది చూడు, చాలా బండ్లకు బురదతో మూసుకుపోయి ఉంటుంది. అది పీకి రబ్బరు గొట్టం తగిలించి ఛాసిస్ పైకి తీసుకుపో, చివర కిందికి వంచి చిన్న ఫిల్టరు పెట్టు. ముందు ఇరుసుకు కూడా. దిగేముందు పది నిమిషాలు ఆపి చల్లారనివ్వు. మరుసటి పొద్దున బండి కదపకముందు డ్రైన్ ప్లగ్ కొద్దిగా వదులు చేస్తే నీళ్ళుంటే ముందు అవే వస్తాయి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆ రోజే మార్చు, రెండ్రోజులు ఆగినా బేరింగు తుప్పు పడుతుంది. డ్రమ్ములు మంచినీళ్ళతో కడుగు.
ఆయిలు జీఎల్-5 రకం ఈపీ 90. కొత్త సెట్టుతో మొదటిరోజు 25 కిలోమీటర్లు నడిపి అరగంట ఆపు, అట్టా మూడు నాలుగు సార్లు. ఆపినప్పుడు హౌసింగు మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే సరే, మూడు సెకన్లు కూడా పెట్టలేకపోతే బేరింగులు బిగుతెక్కువయ్యాయి, ముందుకు నడపొద్దు. 800 కిలోమీటర్ల దాకా మేత బస్తాలు వేరే బండిలో పంపు. ఆ తర్వాత ఆయిలు మార్చు. దాంట్లో బూడిదలాంటి సన్న పొడి ఉండటం మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే కవరు విప్పించు.

గుంటకట్ట_జీపు:
బ్రీదర్ ఇప్పుడే చూసినా అన్నా, ముందుది బురదతో గడ్డకట్టి ఉంది. రేపు రెండిటికీ గొట్టాలు వేయించి, తర్వాత సెట్టు కోసం ఆటోనగర్ వస్తా.

లేత్‌షాపు_ఆటోనగర్:
వచ్చేముందు ముందు ఇరుసు ఆయిలు కూడా దించి చూసి రా. బ్రీదర్ మూసుకొని ఉందంటే దాంట్లో నీళ్ళుండే వీలుంది. ఆ 4.88 బాగుంటేనే వెనక దానికి జతగా ఇది కొనాల.