డ్యూరాండ్ రేఖ: అమీర్ సంతకం పెట్టాడు కదా, మరి ఆఫ్ఘన్లు ఎందుకు ఒప్పుకోరు?

తార్నాక టీచరమ్మ (ప్రశ్న)

ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. డ్యూరాండ్ రేఖ అంటే 'భారత్–ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు, 106 కిలోమీటర్లు' అని పిల్లల చేత బట్టీ పట్టించాను. ఒక మార్కు ప్రశ్న, అంతే. నిజానికి ఈ గీత దాదాపు అంతా పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ మధ్యే ఉంది.

ఇప్పుడు మా పై పోర్షన్‌లో ఉస్మానియాలో పీజీ చదివే ఆఫ్ఘన్ అబ్బాయి అద్దెకుంటున్నాడు. నంగర్హార్ వైపు ఊరు, పష్తూన్లలో మొహ్మంద్ తెగ. మొన్న ఆదివారం టీ ఇచ్చి, మాటల్లో వాళ్ల నాయనమ్మ పుట్టిల్లు ఎక్కడని అడిగాను. గీతకు అవతల అన్నాడు. "అయితే పాకిస్తానన్నమాట" అనేశాను. పిల్లవాడి ముఖం చిన్నబోయింది. గ్లాసు కింద పెట్టి, నేను కూరగాయల లెక్క రాసుకునే కాగితం తిప్పి రెండు ఇళ్లు వేశాడు. మధ్యలో పెన్సిల్‌తో గీత గీసి, "ఆంటీ, యే ఫర్జీ హై" అన్నాడు. ఫర్జీ అంటే మన హైదరాబాద్‌లో దొంగ కాగితం. వాళ్ల పష్తోలో ఊహలో మాత్రమే ఉన్నదని అర్థమట.

1893 నవంబర్ 12న కాబూల్‌లో బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మోర్టిమర్ డ్యూరాండ్‌తో పాటు ఆఫ్ఘన్ పాలకుడు అమీర్ అబ్దుర్ రహమాన్ కూడా సంతకం పెట్టాడు. 1905లో, 1919లో, 1921లో తర్వాతి పాలకులూ ఒప్పుకున్నారు. మరి ఫర్జీ ఎలా అయింది? ఆ అబ్బాయిని మళ్లీ నొప్పించకుండా తెలుసుకోవాలని ఉంది.

చిక్కడపల్లి లైబ్రరీ

మేడమ్, సంతకం నిజమే. దేనికి పెట్టాడన్నదే గొడవ. గీతకు అవతల అమీర్ జోక్యం చేసుకోకూడదు, ఇవతల బ్రిటిష్ ఇండియా జోక్యం చేసుకోకూడదు అని ఆ కాగితంలో ఉంది. అది పలుకుబడికి హద్దే గానీ భూమికి కాదని ఆఫ్ఘన్ల వాదన. పైగా బలవంతం మీద చేసిందంటారు. అప్పటికి విదేశీ వ్యవహారాల్లో అమీర్ బ్రిటిష్‌వాళ్ల మాట దాటలేడు. ఒప్పందంతో ఆయనకిచ్చే సాలీనా భత్యం 12 లక్షల నుంచి 18 లక్షల రూపాయలకు పెంచారు.

అసలు దెబ్బ 1947లో పడింది. వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో జరిగిన రెఫరెండంలో ఇండియానా, పాకిస్తానా అని మాత్రమే అడిగారు. పష్తూన్లకు సొంత దేశం, పఖ్తూనిస్తాన్, కావాలన్న 'సరిహద్దు గాంధీ' బాద్షా ఖాన్ మనుషులు ఓటింగ్ బహిష్కరించారు. ఆ సెప్టెంబర్‌లో పాకిస్తాన్‌ను ఐక్యరాజ్యసమితిలో చేర్చుకోవద్దని ఓటు వేసిన ఒకే ఒక్క దేశం ఆఫ్ఘనిస్తాన్. 1949లో లోయా జిర్గా, అంటే ఆఫ్ఘన్ పెద్దల మహాసభ, పాత ఒప్పందాలు చెల్లవని తేల్చేసింది. బ్రిటిష్‌వాడు పోయాడు, వాడితో చేసిన మాటా పోయిందని వాళ్లు. వాడి వారసులం మేమే కాబట్టి హద్దులూ మావేనని పాకిస్తాన్. చాలా దేశాలు దీన్నే సరిహద్దుగా చూస్తాయి. కాబూల్‌లో ఎవరు గద్దెనెక్కినా, తాలిబన్లతో సహా, ఒప్పుకోలేదు.

బేగంబజార్ డ్రైఫ్రూట్స్

టీచర్‌గారూ, ఇరవై ఏళ్లుగా కాబూలీ అంజీర్, కిస్మిస్ అమ్ముతున్నాను. మ్యాప్‌లో గీత ఎలా ఉన్నా, మాకు తెలిసింది ఖైబర్ దారిలో సరిహద్దు దాటే తోర్ఖమ్ గేటు. అది మూసుకుందంటే లారీల్లో పండు కుళ్లుతుంది, ఇక్కడ రేటు ఎక్కుతుంది.

ఒక మాట మీకు నచ్చుతుంది. తోర్ఖమ్ దగ్గర తెగలవాళ్లు దాటడానికి చూపించే పాసును రాహ్‌దారీ అనేవాళ్లు. మన రహదారి మాటే. 2016 నుంచి అక్కడ పాస్‌పోర్టు, వీసా అడుగుతున్నారు. దక్షిణాన బలూచిస్తాన్ వైపు దాటే చమన్ దగ్గర ఇంకా అన్యాయం. పొద్దున కూలికి అటెళ్లి సాయంత్రం ఇటొచ్చేవాళ్లను కూడా 2023లో పాస్‌పోర్టు తెమ్మన్నారు. వాళ్లు నెలల తరబడి రోడ్డు మీదే ధర్నాకు కూర్చున్నారు.

మల్కాజిగిరి

ఒకే భాష మాట్లాడేవాళ్లు రెండు చోట్ల ఉండటం అన్యాయం ఎలా అవుతుందండీ? తెలుగువాళ్లకూ రెండు రాష్ట్రాలు ఉన్నాయి. 2014 డిసెంబర్‌లో పెషావర్ స్కూల్ మీద ఉగ్రవాదుల దాడిలో 140 మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలే. చంపినవాళ్లను ఆఫ్ఘనిస్తాన్ వైపు నుంచి నడిపించారని పాకిస్తాన్ అంటోంది. 2017లో కంచె వేయడం మొదలుపెట్టారంటే వాళ్ల భయం వాళ్లకుంది.

తార్నాక టీచరమ్మ

ఆ స్కూలు పిల్లల మాట నేను కొట్టిపారేయను బాబూ, నేనూ టీచర్నే. కానీ విజయవాడలో పెళ్లికి మనం వీసా అడగం కదా. బాద్షా ఖాన్ 1988 జనవరిలో పెషావర్‌లో పోయారు. ఆయన కోరిక ప్రకారం ఖైబర్ దాటించి జలాలాబాద్‌లో ఖననం చేశారు. అవతల యుద్ధం నడుస్తున్నా వేలమంది వెంట వెళ్లారు. ఈ సంగతి చదివి నిన్న రాత్రి ఆ అబ్బాయితో అంటే, అప్పుడు నోరు విప్పాడు.

వాళ్ల నాయనమ్మ పుట్టింటికి ఆఖరిసారి వెళ్లి తొమ్మిదేళ్లయిందట. నిరుడు ఆమె అన్న చనిపోతే మట్టి చేయడం మనవడి ఫోన్‌లో చూసింది. సిగ్నల్ సరిగా లేక బొమ్మ మధ్యమధ్యలో ఆగిపోతుంటే, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని దువా మాత్రం విన్నదట. ఆమె ఇంటి నుంచి ఆ ఊరు పొద్దున నడక మొదలుపెడితే మధ్యాహ్నం నమాజుకు చేరే దూరమే.