"మనుజుడె పో": ఆ ఎత్వం ఎవరిని బయట పెడుతోంది?

అరసున్న:
రెండు రోజులుగా ఒక కందం మూడో పాదం దగ్గర ఆగిపోయాను. ఓటు అందరికీ ఉండాలా, కొందరికే ఉండాలా అన్న చర్చలో ఒకాయన సుమతి పద్యం తెచ్చాడు. "మనుజుడె పో నీతిపరుడు" అన్నారు కదా, మంచీచెడూ తెలిసినవాడే మనిషి, తెలియనివాళ్ళకి ఓటెందుకు, చిన్న పరీక్ష పెట్టి నెగ్గినవాళ్ళకే ఇవ్వాలి అని. నాకు జవాబు తోచలేదు, కానీ ఆయన చదివిన పాఠమే తేడాగా అనిపించింది. "వినదగు నెవ్వరు చెప్పిన, వినినంతనె వేగపడక వివరింపదగున్" వరకు ఇద్దరిదీ ఒకటే. తర్వాత ఆయన "కని కల్ల నిజము దెలిసిన" అన్నాడు, నా నోట్లో మాత్రం "కనుగొని నిజమును దెలిసిన" అని ఉంది. ఇది పాఠాంతరమా, నేను తప్పుగా గుర్తు పెట్టుకున్నానా? ఎవరైనా అచ్చులో చూశారా?

యతిమైత్రి:
నేను చూసినవాటిలో "కని కల్ల నిజము" అనే ఉంది. మీ పాదం ఛందస్సుకి నిలుస్తుంది, మూడు గణాలూ నలాలే, అంటే నాలుగేసి లఘువులు, ప్రాస నకారమూ దక్కింది, కాబట్టి గణాలు చూపించి మిమ్మల్ని కాదనలేను. కానీ "కల్ల" పోతే పద్యంలో సగం పోయినట్టే. కల్లనీ నిజాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ముందు కల్లని కూడా వినాలి కదా, మొదటి పాదంలో "ఎవ్వరు" అన్నది అందుకే. నిజం చెప్పేవాళ్ళని ముందే ఏరి వాళ్ళ మాటే వినేట్టయితే ఇక తెలుసుకోవడానికి ఏం మిగిలింది?

గగనలం:
అసలు పేచీ మూడో పాదంలో కాదు, నాలుగో పాదంలో "డె" దగ్గర, అందులోని ఎత్వం దగ్గర ఉంది. చాలామంది "మనుజుడే పో" అని సాగదీస్తారు, అప్పుడు నాలుగు మాత్రలుండాల్సిన చోట ఐదై గణం చెడుతుంది. అక్కడ హ్రస్వమే. అవధారణార్థకం, అంటే నొక్కి చెప్పేది, అని అందరికీ తెలుసు, కానీ అవధారణం అన్నచోటల్లా "ఇంకెవరూ కారు" అని అర్థం రాదు. "కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అంటాం. ఆ ఏకారాన్ని పట్టుకుని వేమనని కవుల జాబితాలోంచి తీసేస్తామా? ఆయనవి ఎక్కువ ఆటవెలదులే కదా. అది మెచ్చుకోలు ఏకారం. ఇక్కడా అంతే.

పాతప్రతి:
గగనలం గారూ, పక్కనే "పో" ఉంది, దాన్ని వదిలేశారు. ఎత్వం మీద "పో" వచ్చాక అది ఉత్త మెచ్చుకోలు కాదు, గట్టి నిర్ధారణ. నేను మినహాయింపు ఉందనే అంటాను. అయితే దేనికి మినహాయింపు? కల్ల నిజము తెలిసిన మనుజుడే నీతిపరుడు అన్నాడు, తెలిసినవాడే మనుజుడు అనలేదు. తెలియనివాడు నీతిపరుడు కాడేమో, మనుజుడు మాత్రం అవుతాడు. ఓటు మనుజుడికా, నీతిపరుడికా? ఆ చర్చలో పెద్దమనిషి కర్తనీ విధేయాన్నీ తారుమారు చేశాడు, తప్పంతా అక్కడే ఉంది. ఇంకోటి, నీతి అంటే ఇక్కడ రాజనీతి అని నా గట్టి నమ్మకం. సుమతి బద్దెనదే అనుకుంటే, ఆయన నీతిశాస్త్ర ముక్తావళి రాసినవాడు. అప్పుడు వినవలసినవాడు పాలించేవాడు, "ఎవ్వరు" అంటే జనం.

యతిమైత్రి:
కర్తృత్వమే తేలని శతకం మీద అంత బరువు పెట్టకండి. సంబోధన "సుమతీ", "రాజా" కాదు.

ద్రుతం:
మీరంతా దాటిపోయిన మాట "వివరింపదగున్". ఇప్పుడు మనం వివరించడం అంటే ఎదుటివాడికి విడమరిచి చెప్పడం అనుకుంటున్నాం, పద్యంలో అది కాదు. వి మీద వృ ధాతువు, కప్పినదాన్ని తెరవడం, వివృతం అన్నదీ అక్కడిదే. విన్న మాటని లోపల తెరిచి చూసుకోవడం. ఈ రెండు అర్థాల తేడాతో ఎంతమంది హక్కు పోయిందో చూడండి. 1890లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం తన రాజ్యాంగంలో ఓటరుకి ఒక షరతు పెట్టింది, రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా చదవగలగాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చేసుకోవాలి, లేదా సబబుగా వ్యాఖ్యానించాలి. సబబో కాదో తేల్చేది పేర్లు నమోదు చేసే అధికారి ఒక్కడే. కాగితం మీద రంగు మాటే లేదు, కానీ అది నల్లవాళ్ళని ఆపడానికి పెట్టిందే. అక్కడ అలాంటి పరీక్షలు ఆగింది 1965 ఓటు హక్కుల చట్టం తర్వాతే. ఎవరి ముందు వివరించాలి అన్న ప్రశ్న రాగానే పరీక్ష అధికారి చేతి కర్ర అవుతుంది. పద్యంలో అధికారి లేడు, వినేవాడే వివరించుకుంటాడు. నాకు ఈ పద్యం మీద ఇంత ప్రేమ అందుకే.

శకటరేఫ:
ద్రుతం గారు చెప్పింది పరీక్ష పెట్టినవాళ్ళ దుర్మార్గం, పరీక్ష తప్పని దానితో రుజువు కాదు. నేను పరిమితం చేయడం వైపే ఉన్నాను, దాచుకోను. "వేగపడక" అన్న షరతు పద్యంలోనే ఉంది, వేగపడేవాడి నిర్ణయం నా బతుకు మీద కూడా పడుతుంది కదా. 1861లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ కూడా చదవడం, రాయడం, కొంచెం లెక్క రానివాళ్ళకి ఓటు వద్దన్నాడు, చదువుకున్నవాళ్ళకి అదనపు ఓట్లు ఇమ్మన్నాడు. ఆయన ఆడవాళ్ళకి ఓటు కావాలన్న మనిషే, అంటే సంకుచితుడని కొట్టిపారేయలేం. వేమన మాత్రం? "పురుషులందు పుణ్యపురుషులు వేరయా".

గగనలం:
వేమనని తెచ్చారు కాబట్టి ఆగలేను. "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్నాడు, చూడగానే అనలేదు. ఉప్పో కప్పురమో బయటినుంచి చూసి చెప్పలేమనే కదా ఆయన చెప్పింది! మరి మీ పరీక్ష బయటినుంచి చూసేదే. ఇంకో మాట, బ్రౌన్ 1829లో అచ్చు వేయించేదాకా ఆ పద్యాలు బతికింది చాలావరకు చదువు రానివాళ్ళ నాలుకల మీద. అక్షరం రాకపోయినా ఏ పద్యం మంచిదో తేల్చుకుని ఇన్ని తరాలు దాచిపెట్టినవాళ్ళకి వివరించుకోవడం రాదంటే నేనొప్పుకోను. మిల్ సంగతి సరే, ఆయన కోరిన ఆడవాళ్ళ ఓటుని జాతీయ ఎన్నికల్లో మొదట ఇచ్చిన దేశం న్యూజిలాండ్, 1893లో, అప్పుడూ వాళ్ళకి లోకం తెలియదనే అడ్డుపడ్డారు. బ్రెజిల్‌లో చదువు రానివాళ్ళకి ఓటు రావడానికి 1985 దాకా పట్టింది. మన రాజ్యాంగం 326వ అధికరణం మాత్రం అక్షరాల ఊసెత్తకుండా వయసు చూసి ఓటిచ్చింది, మొదటి ఎన్నికల్లోనే గుర్తులు పెట్టి చదువు రానివాళ్ళ చేత ఓటు వేయించారు. ఓటు ఇంకా విస్తరించాలి, పదహారేళ్ళవాళ్ళకి కూడా. ఆస్ట్రియా 2007లోనే ఇచ్చింది.

శకటరేఫ:
పద్యం దాచుకోవడం, పాలన తేల్చడం ఒకటేనా? పదహారేళ్ళంటే వేగపడే వయసు.

పాతప్రతి:
"వేగపడక" వయసు గురించి కాదు, "వినినంతనె" పక్కన ఉంది చూడండి. విన్న క్షణం గురించి. ముసలివాళ్ళూ వేగపడతారు.

అరసున్న:
అందరికీ నమస్కారం. నా "కనుగొని" సంగతి ఎవరూ తేల్చలేదు.

విసర్గ:
ఇప్పుడే చూశాను. అరసున్న గారూ, నాకూ చిన్నప్పుడు "కనుగొని నిజమును" అనే చెప్పించారు, కాబట్టి మీరు ఒక్కరే కాదు. కానీ నాలుగో పాదం మాకు "మనుజుడు పో నీతిపరుడు" అని వచ్చేది. ఉకారంతో. గణం అలాగే నిలుస్తుంది, యతికీ ఏమీ కాదు.

గగనలం:
ఎత్వమే లేదా? పూర్తిగా గుర్తుందా మీకు? ఏ పుస్తకం?

విసర్గ:
పుస్తకం లేదు. చెప్పిన ఆవిడకి చదవడం రాదు.