కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న పిండేనా?

ప్రశ్న: ఒక బ్రిటిష్ వంటకాన్ని తెలుగు చేస్తున్నాను. "2 టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్" అన్నచోట "మొక్కజొన్న పిండి" అని రాయొచ్చా? అమెరికా వంటకాల్లోనూ ఇదే మాట కనబడుతోంది. రెండూ ఒకటేనా?

జవాబు: కాదండీ. బ్రిటన్‌లోనూ భారతదేశంలోనూ కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న గింజలోంచి పొట్టు, మొలక, మాంసకృత్తులు తీసేయగా మిగిలిన తెల్లటి స్టార్చ్. దాన్నే అమెరికాలో కార్న్‌స్టార్చ్ అంటారు. అక్కడ కార్న్ ఫ్లోర్ అంటే గింజను మెత్తగా విసిరిన పిండి. రవ్వలా బరకగా ఉంటే కార్న్‌మీల్. ఆస్ట్రేలియాలో ఇంకో మెలిక ఉంది: గోధుమ స్టార్చ్‌ను కూడా "వీటన్ కార్న్‌ఫ్లోర్" పేరుతో అమ్ముతారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడనివాళ్లు అక్కడ పేరు చూసి కాదు, పదార్థాల జాబితా చూసి కొనాలి.

రంగును నమ్ముకోకండి, తెల్ల మొక్కజొన్న పిండి కూడా తెల్లగానే ఉంటుంది. వేళ్ల మధ్య నలిపి చూడండి. స్టార్చ్ అయితే కిర్రుమంటుంది. చన్నీళ్లలో కలిపితే పాలలా అయి, కాసేపటికి అడుగున గట్టిగా పేరుకుంటుంది. విసిరిన పిండి అయితే పలుకులు పలుకులుగా వేలికి తగులుతుంది.

ఒకదాని బదులు ఇంకోటి వేస్తే ఏమవుతుంది? కప్పు ద్రవం ఓ మోస్తరుగా చిక్కబడటానికి ఒక టేబుల్‌స్పూన్ స్టార్చ్ చాలు. దాని స్థానంలో విసిరిన పిండి వేస్తే సాస్ పలచగా, మసకగా, పలుకులు పంటికి తగిలేలా తయారవుతుంది. కార్న్‌బ్రెడ్‌లో కార్న్‌మీల్ బదులు స్టార్చ్ వేస్తే సుద్దముక్కలా ఎండి రాలిపోతుంది.

మరొకరు: "మొక్కజొన్న పిండి" అనడంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన సైన్సు పుస్తకాలు స్టార్చ్‌నే "పిండిపదార్థం" అన్నాయి. అంచేత ఆ మాట రెండు అర్థాలకూ సరిపోయి, చదివేవాణ్ణి రెండు రకాలుగా తప్పుదోవ పట్టిస్తుంది. "మొక్కజొన్న గంజిపొడి" అంటే?

జవాబు: గంజిపొడి అనగానే బట్టలు గుర్తొస్తాయి. "మొక్కజొన్న స్టార్చ్" అనేయడమే నయం. వంటింట్లో ఉన్నవాళ్లకు చప్పున అర్థం కావాలి, అచ్చతెనుగు పట్టింపు ఇక్కడ అక్కర్లేదు. అమెరికా కార్న్ ఫ్లోర్‌కు "మెత్తటి మొక్కజొన్న పిండి", కార్న్‌మీల్‌కు "మొక్కజొన్న రవ్వ" సరిపోతాయి.

ఇంకొకరు: మెక్సికోవాళ్ల పలచటి రొట్టె టోర్టిల్లాకు ఏ పిండి అని రాయాలి? మామూలు మొక్కజొన్న పిండితో చేస్తే అంచులు పగిలిపోతాయంటున్నారు.

జవాబు: పగులుతాయి మరి. అది సున్నంలో ఉడికించిన గింజల పిండి. ఎండిన గింజలు కిలోకు సుమారు 10 గ్రాముల తినే సున్నం, 3 లీటర్ల నీళ్లు. పొట్టు ఊడొచ్చేదాకా సన్నటి సెగమీద ఉడికించి, రాత్రంతా అలాగే నాననిచ్చి, కడిగి, తడి గింజలనే రుబ్బుతారు. సున్నం పొట్టును కరిగిస్తుంది, ముద్దకు జిగురు తెస్తుంది, గింజలో బందీగా ఉన్న నియాసిన్ విటమిన్‌ను ఒంటికి పట్టేలా చేస్తుంది. యూరప్ మొక్కజొన్నను తీసుకెళ్లింది గానీ ఈ పద్ధతిని తీసుకెళ్లలేదు. ఆ గింజే ప్రధానాహారమైన పేదల్లో నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు ప్రబలింది. సున్నం ఎక్కువైతే మాత్రం పిండి పసుపెక్కి చేదెక్కుతుంది. ఎండబెట్టిన ఆ పిండి పేరు మాసా హరీనా. తెలుగులో "సున్నంలో ఉడికించిన మొక్కజొన్న పిండి (మాసా హరీనా)" అని ఒకసారి పూర్తిగా రాసి, తర్వాత మాసా అంటే చాలు.

వంటకం స్పెయిన్‌దైతే ఇదంతా వదిలేయండి. అక్కడ టోర్టిల్లా అంటే గుడ్లు, బంగాళాదుంపలతో చేసే మందపాటి అట్టు.

మరొకరు: కార్న్డ్ బీఫ్‌లో మొక్కజొన్న ఎక్కడుంది?

జవాబు: లేదు. పాత ఇంగ్లీషులో కార్న్ అంటే ఏ గింజైనా. ఇక్కడ ఉప్పు గళ్లు అన్నమాట. అమెరికాలో ఇది ఉప్పునీటిలో ఊరబెట్టిన రొమ్ము మాంసం. బ్రిటన్‌లో డబ్బాలో వచ్చే మాంసపు ముద్ద. అమెరికావాళ్ల దానికి దగ్గరిదాన్ని బ్రిటన్‌లో సాల్ట్ బీఫ్ అంటారు.

ప్రశ్న వేసినవారు: పుడ్డింగ్ సంగతి? అన్నిచోట్లా "తీపి వంటకం" అని పెట్టుకుంటూ వస్తున్నాను.

జవాబు: వెంటనే మార్చండి. బ్లాక్ పుడ్డింగ్ అంటే పంది రక్తం, కొవ్వు, ఓట్స్ లేదా బార్లీ కూరిన సాసేజ్. యార్క్‌షర్ పుడ్డింగ్ గుడ్లు, పాలు, మైదా జారుగా కలిపి, పొగలొచ్చే కొవ్వులో పోసి ఓవెన్‌లో పొంగించేది, తీపి కాదు. స్కాట్లండ్ వంటకం హగిస్‌నూ పుడ్డింగుల్లోనే లెక్కేస్తారు: గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు, ఓట్స్, కొవ్వు కలిపి గొర్రె పొట్టసంచిలో కూరి ఉడికిస్తారు. పశువుల ఊపిరితిత్తులు ఆహారంగా వాడకూడదని అమెరికాలో 1971 నుంచి నిషేధం, కాబట్టి అక్కడి హగిస్‌లో అవి ఉండవు.

అమెరికా పుడ్డింగ్ మాత్రం మళ్లీ మన స్టార్చ్ దగ్గరికే వస్తుంది. 2 కప్పుల పాలకు 3 టేబుల్‌స్పూన్ల స్టార్చ్, చక్కెర, కావాలంటే గుడ్డు సొనలు. స్టార్చ్‌ను ముందు చల్లటి పాలలో కలుపుకోవాలి, వేడి పాలలో నేరుగా వేస్తే పైపొర ఉడికి లోపల పొడిగా ఉండలు కట్టేస్తుంది. సొనలు వేస్తే బుడగలొచ్చాక ఒక నిమిషమైనా ఉడకనివ్వాలి. లేకపోతే సొనలోని ఎంజైమ్ స్టార్చ్‌ను విరగ్గొట్టి, ఫ్రిజ్‌లో పెట్టిన పుడ్డింగ్ పొద్దుటికి నీళ్లోడుతుంది.

ఇంకొకరు: కొలతలకూ దేశం చూడాలి. టేబుల్‌స్పూన్ అమెరికా, బ్రిటన్‌లలో దాదాపు 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. అంటే ఆస్ట్రేలియా 3 స్పూన్లు అమెరికా 4 స్పూన్లతో సమానం. కప్పు అమెరికాలో 237, ఆస్ట్రేలియాలో 250. బ్రిటన్ డబుల్ క్రీమ్‌లో దాదాపు 48 శాతం కొవ్వు. అమెరికా హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం ఉంటే చాలు. రెండింటికీ "మీగడ" అని రాసి ఊరుకోకుండా పక్కన శాతం వేయండి.