కర్నూలు నుంచి నాగార్జునకొండ: ఒక్కరోజు బస్సు, లాంచీ ట్రిప్పులో చూసినట్టా, పోయొచ్చినట్టా?

తుంగభద్ర ఒడ్డు:

మా కాలనీలో ఒక బస్సుకు సరిపడా జనం నాగార్జునకొండకు పోదామనుకుంటున్నాం. పెద్దవాళ్లున్నారు, హైస్కూలు పిల్లలున్నారు. ఒక ట్రావెల్స్ వాళ్లు ప్లాన్ రాసిచ్చారు. తెల్లవారుజామున కర్నూలులో బయల్దేరి ఎత్తిపోతల జలపాతం చూడటం, భోజనం చేసి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి కొండకు పోవడం, గైడ్‌తో మ్యూజియం, తిరిగొచ్చాక నాగార్జునసాగర్ డ్యాం, రాత్రికి ఇల్లు. అన్నీ ఒకే ఆదివారం.

కమిటీలో రెండు మాటలు నడుస్తున్నాయి. ఒక్కరోజైతేనే జనం వస్తారని కొందరంటున్నారు. అంత దూరం పోయి గంటసేపు చూసి వచ్చేదానికి పోకపోవడమే నయమని ఇంకొందరు. పోయొచ్చినవాళ్లు చెప్పండి. లాంచీ గురించి నాకు టెన్షన్ కూడా ఉంది. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం ఇంకా మర్చిపోలేదు.

మాచర్ల అల్లుడు:

ఒక్కరోజులో పెట్టుకోవద్దు మేడమ్. మా అత్తగారిది మాచర్ల, ఆ దారి నాకు బాగా అలవాటు.

దూరం సంగతి తర్వాత, ముందు దారి చూడండి. కర్నూలు నుంచి దగ్గరి దారంటే ఆత్మకూరు, దోర్నాల, ఎర్రగొండపాలెం, మాచర్ల. 200 కిలోమీటర్లకు పైనే. ఆత్మకూరు నుంచి దోర్నాల దాకా పులుల అడవి. రాత్రిపూట అక్కడ గేట్లు వేస్తారు, తెల్లారితే గానీ తీయరు. మీరు కర్నూలులో మూడింటికి లేచినా గేటు దగ్గర ఆగాల్సిందే. సాయంత్రం మళ్లీ గేటు పడకముందే అడవి దాటాలి. అంటే రోజును రెండు వైపులా గేటే కోసేస్తుంది. గిద్దలూరు, నంద్యాల మీదుగా తిరిగి రావచ్చు, కానీ అది ఇంకా పొడుగు.

మధ్యలో మిగిలిన టైములో ఎత్తిపోతలకొక గంట, భోజనానికొక గంట పోతాయి. లాంచీ ఒకవైపుకే ముప్పావుగంట పైన. కొండ మీద కాలు పెట్టగానే ఫలానా టైముకు వెనక్కి రావాలని చెప్తారు. జనం మ్యూజియంలో ఒక రౌండు కొట్టి, ఫొటోలు దిగి, పరుగున రేవుకు వచ్చేస్తారు. బయట తోటలో ఉన్న స్తూపాలు, అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల నాటి స్నానఘట్టం ఎవరూ చూడరు.

నాకు అన్నిటికంటే బాధగా ఉండేది ప్లాన్‌లో అనుపు లేకపోవడం. విజయపురి సౌత్‌కు దగ్గర్లోనే ఉంది, లాంచీ అక్కర్లేదు, బస్సు అక్కడిదాకా పోతుంది. ఇటుకల మెట్లతో నాలుగు వైపులా కట్టిన రంగస్థలం, దాని పైన గుట్ట మీద హారీతి అనే బౌద్ధ దేవత గుడి, విహారాల పునాదులు. అన్నీ సాగర్ డ్యాం నీళ్లలో మునిగే లోయలోంచి తెచ్చి మళ్లీ పేర్చినవే. పిల్లలు ఆ మెట్ల మీద కూర్చుని, ఒకరు కింద నిలబడి మాట్లాడితే చాలు, పదిహేడు వందల ఏళ్ల కిందటి ఊరు ఒక్కసారిగా అర్థమవుతుంది. ఎత్తిపోతల తీసేసి అనుపు పెట్టండి. చంద్రవంక జలపాతం అందంగానే ఉంటుంది, కాదనను. మీరు పోయేది జలపాతాల కోసం కాదు కదా.

బురుజు సెంటర్:

అన్నా, మీరు చెప్పిన దారి నిజమే. కానీ రెండు రోజులంటే ఎవరికి కుదురుతుందో కూడా చూడండి. నాది బట్టల షాపు. మా వీధిలో అందరికీ ఆదివారం ఒక్కటే సెలవు, అదీ పండగ సీజనులో ఉండదు. రెండో రోజు అనగానే రూములు, రెండు పూటల భోజనం, ఇంట్లో మంచం మీదున్న ముసలాయన్ను ఎవరు చూసుకుంటారనే ప్రశ్న, అన్నీ వచ్చి పడతాయి. చివరికి పోయేది ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్లు మాత్రమే. చరిత్ర వాళ్లకొక్కరికేనా?

నేను నాగార్జునకొండ చూసింది అలాంటి ఒక్కరోజు బస్సులోనే, స్కూలు వాళ్లు తీసుకెళ్తే. మాకు దొరికింది గంటే. ఆ గంటలో చూసిన చక్రం ఆకారపు స్తూపం ఇప్పటికీ కళ్ల ముందుంది. బండి చక్రానికి ఆకులున్నట్టు లోపల గోడలు కట్టి, మధ్యలో మట్టి నింపి లేపేవారని ఆ రోజు గైడ్ చెప్పాడు. ఆ ఒక్క గంట లేకపోతే నాకు ఇక్ష్వాకులంటే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగానే మిగిలేవాళ్లు.

నంద్యాల రోడ్డు:

నేను టూరిస్టు బస్సు నడుపుతా. ఒక్కరోజులో పోయి రావాలంటే ఇద్దరు డ్రైవర్లు కావాలి, ఇది రాయించుకోకుండా అడ్వాన్సు ఇవ్వద్దు. తెల్లవారుజామున లేచినవాడు రాత్రి నల్లమల మలుపుల్లో స్టీరింగ్ పట్టుకుంటే నిద్ర ఆపుకోలేడు. గేటు పడుతుందనే తొందరలో స్పీడు పెంచుతారు, అది ఇంకా ప్రమాదం. అడవిలో జింకలు అడ్డం వస్తాయి.

లాంచీలో కట్టు విప్పకముందే అందరికీ లైఫ్ జాకెట్ వేయించండి. పెద్దవాళ్లు ఉక్కపోతని తీసేస్తారు, వాళ్ల పక్కన ఒకరు కూర్చోవాలి. కొండ కనబడగానే అందరూ ఒకే వైపుకు వచ్చి నిలబడనివ్వద్దు. గాలి ఎక్కువుంటే లాంచీ ఆపేస్తారు, అప్పుడు వాళ్లతో గొడవ పడకండి. అలా ఆపే రోజుకు వేరే ఏం చూడాలో ముందే అనుకుని ఉండండి. ఒక్కరోజు ప్లాన్‌లో ఆ ఆలోచనే ఉండదు.

సోషల్ టీచరమ్మ:

ఒకటా, రెండా అనేదాని కంటే ముందు గైడ్ ఎవరో తేల్చుకోండి. నేను హైస్కూలులో సోషల్ చెప్తాను. గుత్తి, పత్తికొండ రోడ్డులో ఎర్రగుడి అశోకుడి శాసనాల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్తే మొదట వాళ్లకు గుండ్ల మీద గీతలే కనిపిస్తాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారని చెప్పగానే ఏ పంక్తి ఎటు పోతుందో వెతకడం మొదలుపెడతారు. ఆ మాట చెప్పే మనిషి లేకపోతే పది నిమిషాల్లో బస్సెక్కేస్తారు.

నాగార్జునకొండలో చెప్పడానికి ఎంత ఉందో! అది విజయపురి, ఇక్ష్వాకుల రాజధాని, క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. శాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు. ఆయన చెల్లెలు చాంతిసిరి మాత్రం బౌద్ధుల మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, బాగు చేయించి ఆయక స్తంభాలు నిలబెట్టించింది. నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు, బుద్ధుడి జననం నుంచి పరినిర్వాణం దాకా ఐదు ఘట్టాలకు గుర్తుగా. అన్న యజ్ఞాలు చేస్తుంటే చెల్లెలు స్తూపానికి దానాలిచ్చింది, ఒకే ఇంట్లో! ఆయన కొడుకు వీరపురుషదత్తుడు హమ్మసిరి అనే మేనత్త కూతుళ్లను పెళ్లి చేసుకున్నాడని శాసనాలే చెప్తున్నాయి. మన మేనరికాలకు అంత పాత రాతసాక్ష్యం ఉందని చెప్తే క్లాసులో ఒక్కరు కూడా పక్కకు చూడరు.

బోధిసిరి అనే రాజకుటుంబం కాని గృహిణి రాయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, తామ్రపర్ణి (సింహళం) పేర్లు ఉన్నాయి. కృష్ణ కింది వైపు రేవు కంటకసోల, అంటే ఇప్పటి ఘంటసాల పేరూ ఉంది. సింహళ భిక్షువులకు ఇక్కడ విహారం ఉండేది. సముద్రం మీద వచ్చిన మనుషులు ఈ లోయ దాకా వచ్చారన్నమాట. ఇవేవీ బోర్డుల మీద చదివితే తలకెక్కవు, మనిషి చెప్పాలి.

ఇంకొకటి, మనవాళ్లకు చెప్పి తీరాల్సింది. ఆ శిల్పాలు చెక్కిన పల్నాటి సున్నపురాయి, మన బేతంచెర్ల, నర్జి దగ్గర తీసే రాయి ఒకే కుటుంబానికి చెందినవి. మన ఇళ్లలో కాళ్ల కింద ఉన్న నాపరాళ్ల బంధువే అక్కడ బుద్ధుడి జాతక కథై నిలబడింది.

అన్నట్టు, మ్యూజియానికి శుక్రవారం సెలవు. వేరే రోజుకు మార్చాల్సి వస్తే చూసుకోండి.

ముచ్చుమర్రి:

నా ప్రశ్న వేరే. మునిగిన చరిత్ర కోసం పల్నాడు దాకా ఎందుకు పోవాలి?

మాది శ్రీశైలం డ్యాం నీళ్లలో పోయిన ఊరు. సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉంటుంది, ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడుతుంది. ధర్మరాజు నిలిపాడని చెప్పే వేప లింగం చూడటానికి అప్పుడు జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నందికొట్కూరు మీదుగా పోతే మధ్యాహ్నానికే తిరిగి రావచ్చు. అవే నీళ్లలో మునగాల్సిన ఇంకో గుడి, రూపాల సంగమేశ్వరం, దాన్ని రాయి రాయి విప్పి మన కర్నూలులోనే జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టారు. కూడలి సంగమేశ్వరుడి గుడిని అలంపురానికి మార్చారు, బ్రిడ్జి దాటితే అలంపురం. మీ కాలనీలో ఎంతమంది జగన్నాథగట్టు ఎక్కి ఆ గుడి చూశారు?

ఏ గైడూ చెప్పని విషయం ఒకటుంది. గుళ్లను, స్తూపాలను జాగ్రత్తగా నంబర్లు వేసి ఎత్తుకుపోయారు. మనుషులకు పరిహారం కాగితం చేతికిచ్చి పొమ్మన్నారు. నాగార్జునసాగర్ కింద కూడా ఊళ్లున్నాయి. లాంచీలో పోయేటప్పుడు కింద రాజధాని ఉందని మాత్రమే కాదు, నిన్నమొన్నటి పొలాలు, ఇళ్లు ఉన్నాయని పిల్లలకు చెప్పాలి.

సోషల్ టీచరమ్మ:

ముచ్చుమర్రి గారు, మీ చివరి మాట నేను క్లాసులో తప్పకుండా చెప్తాను. కానీ జగన్నాథగట్టు చూస్తే నాగార్జునకొండ అక్కర్లేదంటే ఒప్పుకోను. అలంపురం, సంగమేశ్వరం గుళ్లు. విజయపురి ఒక పూర్తి నగరం, కోట గోడలు, స్నానఘట్టం, రంగస్థలం, ముప్పైకి పైగా బౌద్ధ విహారాలు, విష్ణువుదైన అష్టభుజస్వామి గుడి, అన్నీ ఉన్నాయి. చనిపోయినవాళ్ల పేరు మీద నిలిపిన ఛాయాస్తంభాలు రాజులకే కాదు, సేనాపతులకు, ఒక శిల్పికి కూడా ఉన్నాయి. ఒక ఊరి బతుకంతా ఒకచోట తవ్వి చూసిన అవకాశం మనకు ఇంకోచోట దొరకలేదు.

మాచర్ల అల్లుడు:

ముచ్చుమర్రి అన్న చెప్పింది నాకు మనసులో పడింది. అందుకే అనేది, మ్యూజియం ఒక్కటే చూసి రావద్దని. శిల్పాల ఫొటోలు ఎక్కడైనా చూడొచ్చు. లాంచీ మీద ఆ ముప్పావుగంట ఇంకెక్కడా రాదు. 1926లో ఈ శిథిలాలను గుర్తించారు, తర్వాత పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1955లో డ్యాంకు శంకుస్థాపన అయింది. నీళ్లు వచ్చేలోపు తవ్వాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా వందకు పైగా చోట్ల తవ్వారు. ఇప్పుడు మనం దిగే ద్వీపం అప్పుడు లోయ మధ్యలో కొండ కొస. ఇదంతా నీళ్ల మీద ఉండగానే చెప్పాలి. మనవాళ్లు ఆ టైములో స్పీకర్లో సినిమా పాటలు పెట్టుకుంటారు. పాటలు ఆపించి గైడ్‌ను అక్కడే మాట్లాడించండి. కొండ మీద దిగాక నడవడానికి, చూడటానికి ఆ టైమంతా మిగులుతుంది.

సోషల్ టీచరమ్మ:

లాంచీ ఇంజను చప్పుడులో వెనక కూర్చున్నవాళ్లకు ఒక్క ముక్క వినపడదు సార్. నేనైతే మాచర్ల నుంచి రేవు దాకా బస్సులోనే చెప్పిస్తాను, మైకు ఉంటుంది. లాంచీలో పిల్లల్ని నీళ్లవైపు చూడనివ్వండి చాలు.

బురుజు సెంటర్:

గైడ్, అనుపు, ఇద్దరు డ్రైవర్లు, అన్నీ ఒప్పుకుంటా. ఎత్తిపోతల, డ్యాం రెండూ తీసేసినా నాకు అభ్యంతరం లేదు. అవి రెండూ తీసేస్తే ఒక్కరోజులోనే కుదురుతుంది కదా, ఇంకా ఎందుకు వద్దంటున్నారు?

మాచర్ల అల్లుడు:

కుదరదన్నా. పొద్దున గేటు తీశాక అడవి దాటి, టిఫిన్ చేసి రేవు చేరేసరికే పది దాటుతుంది. లాంచీ టిక్కెట్లకు ఆదివారం రద్దీ. బస్సుకు సరిపడా జనానికి ఒకే లాంచీలో చోటు దొరకకపోతే సగం మంది రేవులోనే. సాయంత్రం గేటు లెక్క వేసుకుంటే అనుపులో అరగంట మిగులుతుంది, అది కూడా లాంచీ ఆలస్యం కాకపోతే. డెబ్బై ఏళ్లవాళ్లను అలా పరిగెత్తించడం నాకు ఇష్టం లేదు. పిల్లలు మాత్రమే అయితే నీ మాటకు సరే అనేవాణ్ని.

తుంగభద్ర ఒడ్డు:

అందరికీ థ్యాంక్స్. కమిటీ ముందు ఇలా పెడుతున్నా. శనివారం పొద్దున్నే బయల్దేరి ఆత్మకూరు మీదుగా పగటిపూటే అడవి దాటడం. ఆ సాయంత్రం అనుపు, రాత్రి మాచర్లలో బస. ఆదివారం మొదటి లాంచీకి కొండ, మధ్యాహ్నం భోజనం కాగానే తిరుగు ప్రయాణం. జలపాతం, డ్యాం లేవు. ట్రావెల్స్ వాళ్ల గైడ్ కాకుండా సోషల్ టీచరమ్మ గారు వస్తారేమో విడిగా అడుగుతాను. ముచ్చుమర్రి గారూ, ఆ ముందు ఆదివారం పిల్లల్ని జగన్నాథగట్టుకు పంపిస్తాం, మీరు కూడా వచ్చి మీ ఊరి సంగతి చెప్పగలరా?

ముచ్చుమర్రి:

వస్తానమ్మా. మా అమ్మను కూడా తీసుకొస్తా, ఊరు ఖాళీ చేసిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. నాకంటే ఆమె చెప్తేనే బాగుంటుంది.

బురుజు సెంటర్:

శనివారం మాకు బేరం రోజు, షాపు మూయలేను. మా పిల్లలిద్దరినీ, మా నాన్ననూ పంపిస్తా, సీట్లు రాసుకోండి. నా మాట మాత్రం మారలేదు. మా వీధిలో రెండు రోజులు రాలేనివాళ్లు చాలామంది ఉన్నారు. సంక్రాంతి అయ్యాక వయసులో ఉన్నవాళ్లతో ఒక్కరోజు బస్సు వేద్దాం, కొండ, అనుపు మాత్రమే పెట్టుకుని. ఆ సీట్లు నేను నింపుతా. నంద్యాల రోడ్డు అన్నా, ఇద్దరు డ్రైవర్లతో బాడుగ ఎంతవుతుందో నాకు విడిగా మెసేజ్ పెట్టు.